పాలబీరువాలో ఊసరవెల్లి

ఇరవై రెండేళ్ళుగా తెలుగు పాఠం చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. "తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు" అన్న సామెతను ఎన్ని తరగతుల్లో ఎన్నిసార్లు వల్లించి ఉంటానో లెక్క లేదు. మాట మార్చినవాడికీ, పార్టీ మార్చినవాడికీ, బాకీ అడిగితే మొహం మార్చినవాడికీ అందరికీ ఆ ఒక్క బిరుదే ధారాళంగా పంచిపెడుతూ వచ్చాను. ఒకసారి నిండు పెళ్ళి పందిట్లో మా సొంత తమ్ముడికే ఇచ్చాను. ఆ సంగతి తరవాత చెబుతాను. తీరా చూస్తే నలభై ఆరేళ్ళు నిండేదాకా నేను అసలు ఊసరవెల్లిని కళ్ళారా చూడనేలేదు. చూశాననుకున్నవన్నీ తొండలే! దయచేసి ఈ ముక్క మా విద్యార్థుల చెవిన వెయ్యకండి.

మాది ఏలూరులో కాపురం, తాడేపల్లిగూడెంలో ఉద్యోగం. 2024 ఆగస్టు 31, శనివారం. పొద్దున్నించీ ఒకటే ముసురు. మధ్యాహ్నం తరగతి ముగించుకుని వస్తుంటే సైకిళ్ళ షెడ్డు వెనక పదిమంది కుర్రాళ్ళు గుమిగూడి ఉన్నారు. మధ్యన నేలమీద ఒక ప్రాణి, దాని నడుముకు పురికొస. వెంకటరామన్నగూడెం వైపు మెట్ట ఊళ్ళనుంచి వచ్చే కుర్రాడొకడు జీడిమామిడి తోటలో పట్టుకొచ్చాడట. దాన్ని ఒకడు ఎర్ర రుమాలు మీద పెడుతున్నాడు, ఇంకొకడు నీలం రుమాలు పరుస్తున్నాడు. అది ఎర్రనా కాలేదు, నీలమూ కాలేదు. బొగ్గులా నల్లబడి, ఒళ్ళు బూరెలా పొంగించి, నోరు తెరిచి బుసకొడుతోంది.

"రంగు మారదేమిటండీ మాస్టారూ?" అన్నాడు రుమాలు ఆసామి.

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మాస్టార్లు చేసే పనే నేనూ చేశాను. నాలుగు కేకలేసి, అందరినీ తరిమేసి, పురికొస కోసి, జవాబు పత్రాలొచ్చిన అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, దాన్ని అందులో పెట్టుకుని రైలెక్కాను.

ఇంటికి చేరేసరికి నాకంటే ముందు వాన చేరింది. పెట్టె మూత తీయగానే మా పదేళ్ళ అమ్మాయి ఎగిరి గంతేసింది. నా భార్య రెండడుగులు వెనక్కి వేసింది. మా అమ్మ మాత్రం చూడనైనా చూడకుండా, "ఊసరవెల్లి ఇల్లు చొరబడితే అరిష్టం. బయట పారెయ్యి" అంది. పారెయ్యటానికి ఆ వానలో చోటేదీ? పైగా మా వీధిలో రెండు పిల్లులు, ఆరు కుక్కలు.

మర్నాడు అటవీశాఖవారికి ఫోను చేశాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన ఊసరవెల్లిని పట్టడమూ నేరమే, పెంచడమూ నేరమే. అది తెలిసే చేశాను కాబట్టి గొంతు కాస్త వణికింది. అవతలాయన మర్యాదస్తుడు. అంతా విని, "మా వాళ్ళందరూ వరద పనిలో ఉన్నారండీ. తెరిపి ఇచ్చాక దొరికిన తోటలోనే మా ఎదుట వదులుదురుగాని, అందాకా దెబ్బ తగలకుండా చూడండి" అన్నాడు.

వరదంటే మాటలా! ఆ ఆదివారమే బుడమేరు పొంగి బెజవాడలో పేటలకు పేటలు మునిగిపోయాయి. ఆ బుడమేరు చివరకు చేరేది మా కొల్లేటిలోకే. ఏలూరు పక్కనుంచి పోయే తమ్మిలేరూ అక్కడికే. అన్ని ఏళ్ళనూ కడుపులో పెట్టుకున్న కొల్లేటికి సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. పైన రెండు రోజులు వాన పడితే కింద పదిహేను రోజులు ముంపు. లంకల్లో ఉన్నవాళ్ళకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక అతిథికి వసతి చూడాలి. మా వెనక వసారాలో ఒక పాలబీరువా ఉంది. ఇప్పటి పిల్లలకు తెలియదు గాని, ఫ్రిజ్జులు రాకముందు ప్రతి ఇంట్లోనూ ఉండేది: చెక్క చట్రం, తలుపులకూ పక్కలకూ ఇనప జాలీ, లోపల మూడు అరలు, చీమలు ఎక్కకుండా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు. మాది టేకుది. మా తాత మా లంకలో చేయించి, అమ్మ కాపురానికి వచ్చిన ఏడాది పడవ మీద తెప్పించాడు. నేనూ తమ్ముడూ మీగడ దొంగిలించి దెబ్బలు తిన్నది దాని దగ్గరే.

"పాలు పెట్టిన బీరువాలో ఆ పురుగునా?" అంది అమ్మ.

అప్పుడు నా చదువు అక్కరకొచ్చింది. "అమ్మా, నృగమహారాజు కథ నువ్వే చెప్పావు కదే! దానమిచ్చిన ఆవునే తెలియక మళ్ళీ దానమిచ్చి ఊసరవెల్లి అయి బావిలో పడలేదూ? యాదవ కుర్రాళ్ళు తాళ్ళు కట్టి లాగలేదూ? మా కుర్రాళ్ళూ అదే చేశారు" అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించింది. "అయితే ఆ రాజుకి మాత్రం ఏమిటి బాగుపడింది? కృష్ణుడు తాకాక గదా!" అంటూనే బీరువాలోని పాత పత్రికలు తియ్యటం మొదలుపెట్టింది.

ఇక్కడినుంచి నా ప్రజ్ఞ ప్రారంభం. చదువరులు నవ్వకుండా వినాలి. ఊసరవెల్లి చెట్టుమీద బతికేది గనక నేలమీద కంటే ఎత్తులో ఉండటం దానికి హాయి అని ఎక్కడో చదివాను. కాబట్టి అరలు తీసెయ్యాలి. రెండు అరలు ఊడివచ్చాయి. మూడోది మేకులతో బిగించి ఉంది. రంపం తెచ్చి దాన్ని రెండు ముక్కలు చేశాను. బీరువాను ఫినాయిలుతో కడిగాను. తడికి చెక్క పాడవకుండా అడుగు పలకకు మిగిలిపోయిన వార్నీషు పూశాను. ముసురుకు చలేస్తుందేమోనని పై పలకకు లోపలివైపు వంద వాట్ల బల్బు వేలాడదీశాను. తాగటానికి గిన్నెలో నీళ్ళు, తినటానికి వంటింట్లో దొరికిన రెండు బొద్దింకలు. ఒక మందారకొమ్మ నిలబెట్టి అతిథిని దానిమీదికి ఎక్కించి, తలుపు వేసి, విశ్వకర్మలా చేతులు దులుపుకున్నాను.

సోమవారం సాయంత్రానికి అతిథి జాలీ పట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. ఒళ్ళంతా నలుపు. ముందుకాలి గోరు దగ్గర నెత్తుటి చుక్క. నీళ్ళ గిన్నె ఎలా పెట్టింది అలాగే ఉంది. మా అమ్మాయి అన్నం మానేసింది.

నా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు. వాడి కొడుకు యెమెన్ దేశపు ఊసరవెల్లిని పెంచుతున్నాడు. అక్కడ అవి కొట్లో అమ్ముతారు, నేరం కాదు. రాత్రి వీడియోలో బీరువా చూపించాను. వాడు నుదురు కొట్టుకున్నాడు.

"బావగారూ, ముందు దాన్ని బయటికి తియ్యండి! ఫినాయిలు, వార్నీషు వాసన ఆ ఊపిరితిత్తులకు విషం. లోపల బల్బుకు ఒళ్ళు ఆనిస్తే కాలేదాకా దానికి తెలియదు. గిన్నెలో నీళ్ళను అది నీళ్ళనుకోదు, ఆకుమీది బొట్టు తప్ప తాగదు. ఆ బొద్దింకలెక్కడివి? మీ అమ్మగారు చీమలమందు చాక్‌పీసు గీస్తారుగా?"

గీస్తుంది. గుమ్మం గుమ్మానికీ గీస్తుంది. దేవుడి దయవల్ల అది ఆ బొద్దింకలను తినలేదు.

"మరి వేడి?" అన్నాను.

"మేము దీపాలు పెట్టేది ఇక్కడి చలికి, ఎండ లేక. ఏళ్ళ తరబడి గదిలో ఉంచితే ఎముకలకు ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి, కిటికీ అద్దం వాటిని రానివ్వదు. మీరు ఉంచేది నాలుగు రోజులేగా! ఏలూరులో ఊసరవెల్లికి వేడి చాలదేమోనని దీపం పెట్టడమేమిటి, కొల్లేట్లో చేపకు చెంబుతో నీళ్ళు పోసినట్టు!"

ఆ రాత్రి మా దంపతుల దోమతెర పోయింది. కుండీలోని మందారచెట్టును పడకగదిలోకి తెచ్చి, దానిమీద ఊసరవెల్లిని ఎక్కించి, చుట్టూ దోమతెర దింపాము. అది లోపల, మేము బయట. దోమలకు పండగ.

మంగళవారం పొద్దుగూకేవేళ వీధి తలుపు చప్పుడైంది. తీస్తే మా తమ్ముడు. మోకాళ్ళదాకా బురద, భుజాన ఒక మూట. పెళ్ళాంబిడ్డల్ని అత్తవారింట దింపాడట. లంక చుట్టూ నీళ్ళు, కొల్లేటి దారులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. నావంక చూడకుండా, "అమ్మకి మాత్రలున్నాయో లేవోనని వచ్చాను" అన్నాడు గుమ్మానికి.

ఇప్పుడు ఆ సంగతి చెప్పాలి. మా తమ్ముడు చదువుకోలేదు. నాన్న పోయాక లంకలో ఉండిపోయింది వాడే. మొదట వరి వేశాడు. అందరితోపాటు చేపల చెరువు తవ్వాడు. 2006లో సర్కారువారు ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లన్నీ కొట్టేసినప్పుడు వాడి గట్టూ పోయింది. ఆ అప్పు తీర్చటానికి మళ్ళీ వరి, తరవాత ఎవరిదో చెరువు కౌలు, తరవాత రొయ్యలు. ఒక ఎన్నికకు ఒక జెండా, ఇంకో ఎన్నికకు ఇంకో జెండా. నేను నెల జీతం వాణ్ణి. నాకు ఇదంతా నిలకడలేనితనంగా కనిపించేది. 2019లో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళిలో, వాడు ఏదో పార్టీ సంగతి చెబుతుంటే, "నీకేమిట్రా, ఊసరవెల్లివి! ఎప్పుడే రంగో!" అన్నాను. బంతిలో వాళ్ళంతా గొల్లున నవ్వారు. వాడు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. అయిదేళ్ళు మా గడప తొక్కలేదు. అమ్మతో ఫోనులో మాట్లాడేవాడు. నేను తీస్తే పెట్టేసేవాడు.

ఆ వేళ కాళ్ళు కడుక్కుందామని వెనక వసారాలోకి వెళ్ళి, బీరువా ముందు నిలబడిపోయాడు. రంపం పెట్టిన అర రెండు ముక్కలుగా గోడకు ఆనించి ఉంది. చాలాసేపు చూశాడు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని పడకగదిలోకి లాక్కెళ్ళి దోమతెరలోని అతిథిని చూపించి, జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది, బల్బుతో సహా.

"నోరు తెరిచిందీ అంటే వేడి కొట్టిందన్న మాటే బాబాయ్?" అంది అమ్మాయి.

"వేడో, బెదురో. చెరువులో ప్రాణవాయువు తగ్గితే చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. అప్పుడు గాలి ఆడించాలి గాని తిట్టకూడదు" అన్నాడు. తరవాత నావైపు తిరిగాడు. "అన్నయ్యా, మేకు లాగితే ఊడే దానికి రంపమెందుకు?"

అయిదేళ్ళ తరవాత మా తమ్ముడు నాతో అన్న మొదటి మాట అది.

బుధవారం తెల్లవారగానే పని మొదలుపెట్టాడు. వాడు తెచ్చిన మూటలో బట్టలకంటే వల ఎక్కువ ఉంది, చేపపిల్లల కోసం వాడే సన్నకళ్ళ నైలాను వల. వరదలో కొట్టుకుపోకుండా తెచ్చుకున్నాడట. "దీని కాలు చూడు" అన్నాడు. నేనప్పుడు చూశాను. వేళ్ళు అయిదూ రెండు జట్లుగా అతుక్కుని పట్టకారులా ఉన్నాయి: ముందుకాళ్ళకు లోపలివైపు మూడు, బయట రెండు, వెనక కాళ్ళకు లోపల రెండు, బయట మూడు. కొమ్మను చుట్టిపట్టడానికి పుట్టిన కాలు. దానికి తుప్పుపట్టిన జాలీ ఇస్తే గోరు ఇరుక్కోక ఏమవుతుంది?

జాలీ అంతా ఊడదీశాడు. చట్రంలో పొడుచుకొచ్చిన తీగముక్కలన్నీ పట్టకారుతో లాగాడు. వల బిగుతుగా పరిచి, బయటివైపునుంచి సన్నచెక్క బద్దీలు పెట్టి మేకులు కొట్టాడు, లోపల ఒక్క మొన కూడా తగలకుండా. తాను చేత్తో తడిమి, నన్ను తడమమని, తృప్తి లేక అమ్మాయి చిన్న చేత్తో తడిమించాడు. వార్నీషు పూసిన పలక తీసి అవతల పారేసి, వడ్డన రేకుపళ్ళెం ఒకటి అడుగున పెట్టాడు, కారిన నీళ్ళు పొయ్యడానికి. ఫినాయిలు వాసన పోయేదాకా వేడినీళ్ళతో చట్రం మూడుసార్లు కడిగించి, ఫ్యాను కింద ఆరబెట్టించాడు. తలుపు కింద వేలెడు సందు ఉంటే చెక్క బద్ద కొట్టాడు. పిల్లి గోకితే తలుపు ఊడకుండా కిందా పైనా రెండు గడియలు పెట్టాడు. కాళ్ళ కింద గిన్నెల్లో అమ్మ తనే నీళ్ళు పోసింది. పట్టుబడిన ప్రాణిని చీమలు పట్టాయంటే ఎక్కడికీ పారిపోలేదు పాపం.

నీళ్ళ సంగతి మా అమ్మాయి చూసుకుంది. మందుల కొట్టునుంచి కొత్త సెలైన్ గొట్టం తెప్పించి, సీసాలో మంచినీళ్ళు పోసి, చక్రం తిప్పి, ఆకుమీద నిమిషానికి పది బొట్లు పడేలా అమర్చింది. మందు కొట్టని పెరటి జామకొమ్మలూ మందార కొమ్మలూ అడ్డంగా, ఏటవాలుగా కట్టాము, పైకెక్కడానికీ ఆకుల వెనక దాక్కోడానికీ. వసారాలో దోమలచుట్టలు ఆ వారమంతా బందు.

బద్దీలు కొడుతూండగా నేను సాహసించాను. "ఆ రోజు పెళ్ళిలో..." అని మొదలుపెట్టాను.

"మేకు ఇటు పట్టు" అన్నాడు తమ్ముడు. పట్టాను.

సాయంత్రం అతిథిని కొమ్మమీదికి ఎక్కించి తలుపు వేశాము. మేము దూరంగా మంచం మీద కూర్చున్నాము. ఒక కన్ను ముందుకూ ఒక కన్ను మా వైపుకూ తిప్పుకుంటూ, ఎండుటాకు గాలికి ఊగినట్టు ముందుకూ వెనక్కూ ఊగుతూ, అంగుళం అంగుళం పైకి నడిచింది. నలుపు పలచబడింది. మొదట గోధుమ రంగు, తరవాత పసుపు మచ్చలు, ఆ తరవాత నిండా లేతాకు రంగు. బొట్టు పడుతున్న ఆకు దగ్గర ఆగి నోరు ఆనించి గుటకలు వేసింది. మా అమ్మాయి పెరట్లో పట్టిన మిడతను లోపలికి వదిలింది. ఏం జరిగిందో చూసేలోగా మిడత లేదు. తన ఒంటి పొడవుకు మించిన నాలుక విసిరి లాక్కుంది.

"తిన్నది!" అంది అమ్మ. నృగమహారాజు మాట అప్పుడిక ఎత్తలేదు.

నిద్ర రాక ఆ రాత్రి చదువుతూ కూర్చున్నాను. ఇది పరచిన గుడ్డను బట్టి రంగు మార్చదట. వెలుతురు, వేడి, బెదురు, పౌరుషం, జత కోసం ఆరాటం, ఇవీ కారణాలు. చర్మంలోని కొన్ని కణాల్లో అతిసూక్ష్మమైన స్ఫటికాలు వరసలుగా పేర్చి ఉంటాయనీ, వాటి మధ్య ఎడం పెరిగినా తగ్గినా ఒళ్ళు పరావర్తనం చేసే రంగు మారుతుందనీ 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వారు మడగాస్కర్ ఊసరవెల్లి మీద తేల్చారు. తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కానేకాదు. రెండూ వేరు వేరు కుటుంబాలు. మన దేశానికి ఉన్న అసలు ఊసరవెల్లి జాతి ఇదొక్కటే. టార్చి వేసి చూస్తే కొమ్మచివర తోక చుట్టచుట్టుకుని నిద్రపోతోంది. నిద్రలో దాని ఒళ్ళు పాలిపోయి దాదాపు తెల్లగా ఉంది. పక్కన మంచం మీద తమ్ముడు. నిద్రలో వాడి జుట్టూ సగం తెల్లగానే ఉంది. అయిదేళ్ళలో నెరిసింది కాబోలు.

"నాన్నా, ఇంత మంచి ఇల్లు కట్టాం. ఉంచుకుందాం. ఎవరికీ చెప్పొద్దు" అంది మా అమ్మాయి గురువారం. నాకూ ఆశ పుట్టలేదంటే అబద్ధం. నేను నసుగుతుంటే తమ్ముడే అన్నాడు: "ఇల్లు బాగానే ఉందే తల్లీ. మా లంకా బాగానే ఉంటుంది. అయినా నీళ్ళు తగ్గగానే నేను వెళ్ళిపోతాగా. పొమ్మంటే పోవడం వేరు, ఇంటికి పోవడం వేరు."

శుక్రవారం తెరిపి ఇచ్చింది. కొమ్మతో సహా వెదురుబుట్టలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, తమ్ముడి స్నేహితుడి చేపల ఆటోలో బయలుదేరాము. భీమడోలు దాటేదాకా మా అమ్మాయి మాట్లాడలేదు. అటవీశాఖవారు ఇద్దరు వచ్చారు. రుమాలు ఆసామీ, పట్టుకొచ్చిన కుర్రాడూ కూడా వచ్చారు. వాడే తోటలో ఏ చెట్టో చూపించాడు. ఎర్రమట్టి నేల, తడిసిన జీడిమామిళ్ళు. బుట్ట ఏటవాలుగా పెడితే ఊగుతూ ఊగుతూ కొమ్మమీదికి మారింది. నాలుగడుగులు పైకి వెళ్ళాక ఎంత చూసినా కనిపించలేదు. అంత పచ్చదనంలో ఎక్కడని వెతుకుతాం?

మర్నాడు వినాయకచవితి. లంకకు దారి ఇంకా తెరవలేదు. తమ్ముడు ఉండిపోయాడు. పత్రి తుంపిందీ, పాలవెల్లి కట్టిందీ వాడే. అమ్మ బీరువాలో అరలు మళ్ళీ పెట్టించమంది. జాలీ మాత్రం వద్దంది, చిన్నవాడు కొట్టిన వలే ఉండనీ అంది. రెండు అరలు చక్కగా కూర్చున్నాయి. నేను రంపం పెట్టిన మూడోది ఎలా అతికినా నిలవలేదు. నీళ్ళు తగ్గాక వచ్చి కొత్త చెక్క వేస్తానన్నాడు తమ్ముడు. కొలత తీసి జేబులో పెట్టుకున్నాడు కూడా.